పిల్లి వద్దన్న ఇంట్లోకి ఫెర్రెట్ వచ్చింది

మొన్న సద్దుల బతుకమ్మ నాడు ఇక్కడ అమెరికాలో, మన సంఘం పండుగ చేసిన బడి జిమ్‌లో జరిగింది మనలో చాలామంది కళ్లారా చూశారు. పాట మంచి ఊపు మీద ఉండగా ఓ పిల్లవాడు భుజాన వేసుకున్న సంచిలోంచి ఫెర్రెట్‌ను, చూడ్డానికి ముంగిసలా ఉండే పెంపుడు జంతువును, బయటికి తీశాడు. పిల్లలంతా మూగారు. అప్పుడే మలీద ముద్ద తిన్న రెండేళ్ల పాప వేలు చాపింది. ఫెర్రెట్ ఆ వేలిని కరిచి పట్టుకుంది, వదల్లేదు. "ముంగిస కరిసింది, ముంగిస కరిసింది" అని ఎవరో కేకపెట్టారు, పాట ఆగిపోయింది. గాయం చిన్నదే, నాలుగు రోజుల్లో మానింది. రెండు వారాల తర్వాత సంఘం వాట్సాప్ గ్రూపులో ఫొటోతో సహా ఒక పోస్టు వచ్చింది: ఫెర్రెట్, ఏడాదిన్నర వయసు, పంజరంతో కలిపి ఉచితం. దాని పైన పాత సోఫా, కింద పిల్లల సైకిల్.

మనసును గుచ్చింది ఆ పోస్టే. ఆ ఫెర్రెట్ ఉన్న ఇంటి పిల్లలు మొదట అడిగింది పిల్లిని. దేవరకొండ నుంచి ఆరు నెలలు ఉండడానికి వచ్చిన పెద్దలు "పొద్దుగాల లేస్తనే పిల్లి మొకం సూసుడా? ఇంట్ల పిల్లి వద్దు" అన్నారు. పిల్లల ఏడుపు ఆపడానికి పెట్ షాపు నుంచి ఫెర్రెట్ వచ్చింది. మన సంఘంలో ఇలా జరగడం ఇదే మొదలు కాదు కాబట్టి ఈ మాటలు రాయాల్సి వస్తోంది.

నల్లగొండలో గానీ పాలమూరులో గానీ మనం పిల్లిని పెంచామని చెప్పుకోవడం సగం అబద్ధం. వడ్ల గుమ్మి చుట్టూ ఎలుకలు తిరగకుండా దాన్ని ఉండనిచ్చాం. అడుగున మిగిలిన పాలు, చేప ముండ్లు వేశాం. పిల్లలు పెడితే ఏడిండ్లు తిప్పుతదని మురిపెంగా చెప్పుకున్నాం, అవే పిల్లలను గోనెసంచిలో వేసి చెరువు కట్ట అవతల వదిలి వచ్చాం. అడ్డం వస్తే గడపలో కూర్చొని, మంచినీళ్లు తాగి మళ్లీ బయలుదేరాం. మన గింజలను కాపాడిన జీవికి మనం ఇచ్చిన పేరు అపశకునం. ఆ మాటనే విమానమెక్కించి ఇక్కడికి తెచ్చుకున్నాం.

ఫెర్రెట్‌ను ముంగిస అనుకోవడం దగ్గరే తప్పు మొదలవుతోంది. పాము నుంచి పసిబిడ్డను కాపాడిన ముంగిస కథ మనందరికీ తెలుసు, అందుకే పెద్దలకు ఫెర్రెట్ మీద కొంచెం నమ్మకం కూడా కుదురుతుంది. కానీ జంతుశాస్త్రం లెక్కలో ముంగిస పిల్లి వైపు చుట్టం. ఫెర్రెట్ కుక్క వైపు చుట్టం, నీటికుక్కకు దగ్గరి బంధువు. యూరప్‌లో కుందేళ్లను బొరియల్లోంచి తరమడానికి రెండు వేల ఏళ్లుగా మచ్చిక చేసిన జంతువు. పొడవాటి ఒళ్లు, పొట్టి కాళ్లు, ఎక్కడ రంధ్రం కనిపిస్తే అక్కడ దూరే బుద్ధి, అన్నీ ఆ పని కోసం వచ్చినవే.

ఆ రోజు అది ఎందుకు కరిచిందో తెలిస్తే దాని మీద కోపం రాదు. ఫెర్రెట్ రోజుకు 14 నుంచి 18 గంటలు నిద్రపోతుంది. చూపు అంతంతమాత్రం, ముక్కుతోనే లోకాన్ని చదువుకుంటుంది. స్పీకర్ల మోతలో నిద్ర లేపి బయటికి తీస్తే, ఎదురుగా నెయ్యి వాసన కొడుతూ కదిలే చిన్న వేలు దానికి తిండిలాగే ఉంటుంది. అలా పట్టుకున్నప్పుడు లాగితే చర్మం చీరుతుంది. మెడ వెనక వదులుగా ఉండే చర్మాన్ని గుప్పిట్లో పట్టుకుని నాలుగు కాళ్లూ గాలిలో ఉండేలా ఎత్తితే, ఒళ్లు వదిలేసి ఆవులిస్తుంది, నోరు దానంతటదే తెరుచుకుంటుంది. ఆ ఇంట్లో ఈ సంగతి ఎవరికీ తెలియదు. కాటు తర్వాత గాయాన్ని సబ్బునీళ్లతో బాగా కడిగి డాక్టరుకు చూపించాలి, రేబిస్ లక్షణాలు కనిపిస్తాయేమోనని ఫెర్రెట్‌ను 10 రోజులు కనిపెట్టి ఉంచాలి. కుక్కకు, పిల్లికి కూడా అదే గడువు. పసిబిడ్డ ఉన్న ఇంట్లో ఫెర్రెట్‌ను ఒక్క నిమిషం కూడా కాపలా లేకుండా వదలకూడదు. ఆరేడేళ్లు దాటని పిల్లల చేతికి అసలు ఇవ్వకూడదు.

ఇక తిండి. ఫెర్రెట్ అచ్చమైన మాంసాహారి. తిన్నది మూడు నాలుగు గంటల్లో బయటికి వచ్చేస్తుంది కాబట్టి గిన్నెలో ఎప్పుడూ మేత ఉండాలి. మాంసకృత్తులు 35 శాతానికి, కొవ్వు 15 శాతానికి తగ్గని మేత కావాలి. పెరుగన్నం, చపాతీ ముక్క, కిస్‌మిస్, అరటిపండు దాని పేగుకు పనికిరావు. శాకాహారం వండుకునే ఇల్లయితే ఈ ఒక్క విషయం మీదే ముందు కూర్చొని మాట్లాడుకోవాలి.

వాసన గురించి పెట్ షాపులో సగమే చెబుతారు. తోక కింది గ్రంథులు తీసేశారని చెప్పేది నిజమే. అయినా ఒంటి నూనెకు ఒక కస్తూరి వాసన ఉంటుంది, అది పోదు. పోగొట్టాలని వారం వారం స్నానం చేయిస్తే చర్మం ఎండి ఇంకా ఎక్కువ నూనె ఊరుతుంది, వాసన పెరుగుతుంది. నెలకు ఒకసారికి మించి స్నానం వద్దు. వారానికోసారి ఉతకాల్సింది అది పడుకునే గుడ్డలను. మలం విషయం కూడా తెలుసుకోవాలి. పిల్లి ఇసుక తవ్వి కప్పిపెడుతుంది. ఫెర్రెట్ వెనక్కి వెనక్కి నడిచి మూలకు తోక ఆనించి పని ముగిస్తుంది, కప్పిపెట్టదు. పంజరంలో ఒక మూల, గదిలో కనీసం రెండు మూలలు దానికి వదలాలి. ముద్దకట్టే బంకమట్టి ఇసుక వాడకూడదు, కాగితపు గుళికలు వాడాలి. దేవుని అర్రకు తలుపు లేని ఇండ్లలో ఇది ఎంత ఇబ్బందో విడిగా చెప్పనక్కరలేదు.

రోజుకు మూడు నాలుగు గంటలు పంజరం బయట తిరగనివ్వాలి, ఆ సేపంతా ఒక మనిషి కన్ను దాని మీదే ఉండాలి. తల పట్టిన సందులో ఒళ్లంతా పడుతుంది. డిష్‌వాషర్ వెనక, స్టౌ కింద, డ్రయ్యర్ గొట్టం పక్కన, రెండు వేళ్ల ఖాళీ ఉన్నా మూసేయాలి. అన్నిటికన్నా ప్రమాదం రిక్లైనర్ కుర్చీ. లోపల దూరి నిద్రపోతుంది, తాతయ్య మీట నొక్కుతారు, ఇనుప చట్రంలో నలిగి చనిపోతుంది. ఫెర్రెట్ ఉన్న ఇంట్లో రిక్లైనర్ ఉండకూడదు. రెండోది రబ్బరు. రిమోట్ బొత్తాలు, ఎరేజర్, ఇయర్‌ఫోన్ బుడిపెలు, హవాయి చెప్పు, అన్నీ కొరికి మింగుతుంది. పేగులో అడ్డుపడితే తినడం మానేస్తుంది, పళ్లు నూరుతుంది, ముందుకాళ్లతో మూతి గీరుకుంటుంది. ఆ రోజే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి, మరునాటిదాకా ఆగితే ప్రాణానికే ముప్పు.

ఆ డాక్టరు ఫెర్రెట్లను చూసేవాడై ఉండాలి, మామూలు కుక్క పిల్లి క్లినిక్కుల్లో చాలావాటిలో చూడరు. కుక్కలకొచ్చే డిస్టెంపర్ అనే వైరస్ జబ్బు సోకితే ఫెర్రెట్ దాదాపు బతకదు, కాబట్టి ఆ టీకా, రేబిస్ టీకా తప్పవు. టీకా వేశాక అరగంట అక్కడే కూర్చోవాలి, పడకపోతే అప్పుడే తెలుస్తుంది. మూడు నాలుగేళ్లు దాటాక క్లోమంలో గడ్డలొచ్చి రక్తంలో చక్కెర పడిపోవడం, కిడ్నీల దగ్గరుండే అడ్రినల్ గ్రంథుల జబ్బుతో తోక నుంచి వెంట్రుకలు రాలడం చాలా మామూలు. వెనక కాళ్లు ఈడ్చుతూ చొంగ కారుస్తుంటే చిగుళ్లకు తేనె రాసి వెంటనే బయలుదేరాలి. ఇంట్లో ఎవరికైనా ఫ్లూ వస్తే దానికీ అంటుకోవచ్చు. ఆయుష్షు ఆరు నుంచి ఎనిమిదేళ్లు.

ఇదంతా చదివి ఫెర్రెట్ చెడ్డదనుకోకండి. సంతోషమొస్తే వీపు విల్లులా వంచి పక్కకు గెంతుతూ, కుక్‌కుక్ మంటూ ఆడే ఆట చూస్తే ఎవరైనా కరిగిపోతారు. పెద్ద పిల్లలుండి, ఓపిక ఉన్న ఒక పెద్ద మనిషి పూర్తిగా బాధ్యత తీసుకున్న ఇంట్లో అది హాయిగా బతుకుతుంది. ఒకటి కాక జత ఉంటే ఇంకా మంచిది. అయితే కాలిఫోర్నియా, హవాయి రాష్ట్రాల్లో, న్యూయార్క్ నగరంలో దాన్ని పెంచడం చట్టవిరుద్ధం. రేపు ఉద్యోగం సాన్ హోసేకు మారితే ఏం చేస్తారు?

పిల్లికీ పని ఉంటుంది, కాకపోతే మన ఇండ్లు మోయగలిగే పని. ఒక్క పిల్లికి రెండు ఇసుక పెట్టెలు పెట్టి రోజూ ఎత్తేయాలి. గర్భిణి ఉంటే ఆ పని ఇంకొకరు చేయాలి. మలంలో ఉండే టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి మనిషికి సోకే స్థితికి రావడానికి కనీసం ఒక రోజు పడుతుంది కనుక రోజూ తీయడమే రక్ష. సోఫా గీరకుండా నిలువెత్తు గీకుడు స్తంభం పెట్టాలి. దూదిలాంటి ఒళ్లు చూసి పాలన్నం పెట్టకండి. ఎదిగిన పిల్లులు చాలావాటికి పాలు అరగవు. అన్నంలో పిల్లికి కావాల్సిన టౌరిన్ అనే పోషకం ఉండదు, అది లేకపోతే కళ్లు పోతాయి, గుండె పాడవుతుంది. ఉల్లి, ఎల్లిగడ్డ పడ్డ కూర వద్దు. పారాసిటమాల్ ఒక్క బిళ్ల పిల్లిని చంపగలదు. కుక్కలకు గోమార్లకు వేసే పెర్మెత్రిన్ చుక్కలు దానికి విషం. కర్పూరం బిళ్లలు డబ్బాలో మూతపెట్టి ఉంచాలి.

బతుకమ్మ పేర్చేవాళ్లు ఒకటి గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. తంగేడు, గునుగు దొరక్క ఇక్కడ సూపర్‌మార్కెట్ పూలగుత్తులు విప్పి పేరుస్తాం. వాటిలో పెద్ద రేకుల లిల్లీలు ఉంటాయి. మన ఊళ్లో దండలు గుచ్చే తెల్ల లిల్లీ వేరు, ఇది వేరు. ఈ లిల్లీ ఆకు కొరికినా, ఒంటి మీద రాలిన పుప్పొడి నాకినా, కుండీలో నీళ్లు తాగినా పిల్లి కిడ్నీలు దెబ్బతింటాయి. వాంతి కోసం ఎదురుచూడకుండా అప్పటికప్పుడే ఆసుపత్రికి పరుగెత్తాలి. పిల్లి ఉన్న ఇంటికి లిల్లీ పేర్చిన బతుకమ్మను తీసుకెళ్లకండి.

తిరిగి ఊరికి పోయే ఆలోచన ఉన్నవాళ్లకు లెక్క ఇంకా తేలిక. మకాం మార్చుకుని వెళ్లేటప్పుడు సామానుతోపాటు పెంపుడు జంతువులుగా భారతదేశం రానిచ్చేది కుక్కలను, పిల్లులనే. చర్మం కింద పెట్టే గుర్తింపు చిప్, నెల దాటిన రేబిస్ టీకా, ఆరోగ్య పత్రం, క్వారంటైన్ శాఖ అనుమతి ఉంటే పిల్లి హైదరాబాద్‌లో దిగవచ్చు. ఫెర్రెట్‌కు ఆ దారి లేదు. ఉన్నా 27 డిగ్రీలు దాటితేనే వడదెబ్బ తినే జీవి నల్లగొండ మే నెలకు, కరెంటు పోయిన మధ్యాహ్నానికి తట్టుకోలేదు.

కాబట్టి ఊరి నుంచి వచ్చే అమ్మానాన్నలను, అత్తమామలను అడిగేది ఒకటే. పిల్లలు పిల్లిని అడిగితే వద్దనకండి. పొద్దున్నే దాని ముఖం చూసినందుకు ఎవరి ఉద్యోగమూ పోదు. మీకు భయమైతే చిన్న కూన వద్దు. దిక్కులేని జంతువులను చూసుకునే షెల్టర్‌లో మూడేళ్లు దాటిన, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిన, టీకాలు వేసిన శాంతమైన పిల్లులు ఎన్నో ఉన్నాయి. ఒక గంట దాని పక్కన కూర్చొని చూడండి, మీ ఒళ్లోకి అదే వస్తుందేమో.

ఆ పోస్టు గ్రూపులో ఇంకా అలాగే ఉంది. తీసుకునేవాళ్లు ముందు డిస్టెంపర్, రేబిస్ టీకాల తేదీలు అడగండి. ఇప్పుడు తింటున్న మేత పేరు రాసుకుని అదే సంచి కొనండి. పుట్టిన ఆరు నెలల లోపు అలవాటు పడని తిండిని అది తిండిగా గుర్తించదు, మార్చాలంటే పది రోజుల మీద కొద్దికొద్దిగా కలుపుతూ రావాలి. చిన్న పిల్లలున్న ఇల్లు, రిక్లైనర్ ఉన్న ఇల్లు వద్దు. ఎవరూ దొరక్కపోతే ఫెర్రెట్ల కోసమే నడిచే షెల్టర్లు ఉన్నాయి, ఆ కుటుంబం అక్కడికే తీసుకెళ్లాలి. పంజరంలో అది పడుకునే పాత గుడ్డను ఉతక్కుండా వెంట పంపండి, కొత్త ఇంట్లో మొదటి రాత్రి దానికి తెలిసిన వాసన అదొక్కటే.