కొండను కడలిలో పోస్తే సరిపోదు: కోబె పోర్ట్ ఐలాండ్ కథ

జపాన్‌లోని కోబె నగరానికి ఉత్తరాన రొక్కో కొండలు, దక్షిణాన ఒసాకా అఖాతం. నడుమ మిగిలింది సన్నటి నేల పట్టీ. అందుకే కొండనే తవ్వి సముద్రంలో పోశారు. 1966లో మొదలై 1981లో పూర్తయిన పోర్ట్ ఐలాండ్ తొలి దశ విస్తీర్ణం సుమారు 440 హెక్టార్లు, పోసిన మట్టి దాదాపు 8 కోట్ల ఘనపు మీటర్లు. సుమా కొండల మట్టిని చాలావరకు సొరంగాల్లో నడిచే కన్వేయర్ బెల్టు మీద రేవుకు చేర్చి, బార్జీల్లోంచి నీళ్లలోకి వదిలారు. చదునైన కొండ మీదా ఇళ్ల స్థలాలు అమ్మారు. నగరపాలక సంస్థ గడుసుదే!

పేచీ అంతా మట్టితోనే వచ్చింది. దాని పేరు మసాడో, చివికిన గ్రానైటు. మన మొరానికి దగ్గరి చుట్టం. రాళ్లు, ఇసుక, సన్నపొడి కలగలిసి ఉంటుంది కాబట్టి భూకంపంలో ఊబిగా మారదని అప్పటి అంచనా. కానీ నీళ్లలో జారవిడిచిన మట్టిపై రోలరు తిప్పేదెలా? అది వదులుగానే ఉండిపోయింది. 1995 జనవరి 17 తెల్లవారుజామున నేల కంపించగానే రేణువుల మధ్య నీటి ఒత్తిడి పెరిగి, మట్టి బురదై పైకి చిమ్మింది.

చిత్రమేమిటంటే దీవి అంతటా ఒకేలా కుంగలేదు. నేలను ఏ విధంగానూ బాగుచేయని చోట సగటున 40 సెంటీమీటర్లు దిగింది. అడుగునున్న బంకమట్టిలోని నీరు తీయడానికి ఇసుక స్తంభాలు దింపిన చోట 15 దగ్గర ఆగింది. ఆ స్తంభాలు వేసింది ఊబిని ఆపడానికి కాదు, వాటిని దించేటప్పుడు పైమట్టి కూడా కాస్త బిగిసింది, అంతే. కంపన కడ్డీలతో కావాలని గట్టిపరిచిన స్థలాలు దాదాపు కదల్లేదు.

రేవు గోడలది మరో తప్పు. సముద్రగర్భంలోని మెత్తటి బంకమట్టిని తవ్వి, ఆ గోతుల్లో మళ్లీ మసాడోనే నింపి, దాని మీద భారీ కాంక్రీటు పెట్టెలు నిలబెట్టారు. పునాదే మెత్తబడటంతో అవి కొన్నిచోట్ల 5 మీటర్ల దాకా సముద్రం వైపు జరిగాయి. పట్టాల మధ్య దూరం పెరిగి క్రేన్ల కాళ్లు వంగిపోయాయి.

మట్టి సంగతి తర్వాత నిపుణులు బాగానే పట్టించుకున్నారు. దారుల సంగతే నాకు ఎక్కువ బాధ్యతారాహిత్యంగా కనిపిస్తుంది. నగరపాలక సంస్థ పెద్దాసుపత్రిని 1981లోనే దీవికి తరలించి, రోడ్డు దారిగా మాత్రం ఒక్క కోబె వంతెననే నమ్ముకున్నారు. భూకంపానికి వంతెన దెబ్బతింది, పోర్ట్ లైనర్ రైలు జులై చివరి దాకా నడవలేదు. క్షతగాత్రులు నగరంలో, ఆసుపత్రి నీళ్లకు అవతల. సముద్రం కింది సొరంగ రహదారి 1999లో గానీ రాలేదు.

ఆ తర్వాత దక్షిణాన రెండో దశ నేల మీద వైద్య పరిశోధనా కేంద్రాలు, విశ్వవిద్యాలయాలు వచ్చాయి. 2006లో ఇంకా ఆవల మరో కృత్రిమ దీవిపై విమానాశ్రయం తెరిచారు. వీటన్నిటికీ రైలు దారి మాత్రం నేటికీ ఆ పోర్ట్ లైనరే. ఉదయం పూట సన్నొమియా స్టేషన్‌లో విద్యార్థులూ, ఆసుపత్రి సిబ్బందీ, సూట్‌కేసుల ప్రయాణికులూ అదే బండి కోసం వరుస కడతారు.