తొర్ర లేని అడవి దానికి అడవి కాదు

జర్మనీలోని హాంబాఖ్ అడవిలో చెట్ల నరికివేత ఆపాలని 2018 అక్టోబరు 5న మ్యూన్‌స్టర్ ఉన్నత పాలనా న్యాయస్థానం ఆదేశించింది. ఆ ఆదేశం వెనక పది గ్రాముల ప్రాణి ఒకటుంది. పేరు బెక్‌స్టైన్ గబ్బిలం. 1978 నుంచి బొగ్గు గని ఆ అడవిని మింగుతూ వచ్చింది. నాలుగు వేల హెక్టార్లకు పైగా ఉన్న అడవి కొన్ని వందలకు కుంచించుకుపోయింది. ఈ గబ్బిలం ఉన్నందుకు ఐరోపా చట్టం ఆ అడవికి రక్షణ ఇస్తుందా అన్నది తేలకముందే చెట్లు కూలిస్తే ఇక చేయగలిగేదేమీ ఉండదని కోర్టు గుర్తించింది. అది సరైన తీర్పు.

ఈ గబ్బిలం ఒళ్లు మన బొటనవేలంత. చెవుల పొడవు అందులో దాదాపు సగం. ఆకు మీద పురుగు పాకిన చప్పుడు ఆ చెవులకు చాలు. కొమ్మల నడుమ నెమ్మదిగా ఎగిరి, క్షణంసేపు గాల్లో నిలిచి, పురుగును అందుకుంటుంది. వేట కోసం దూరం పోదు. సాధారణంగా ఒకటి రెండు కిలోమీటర్లే.

పగలు వడ్రంగి పిట్ట తొలిచి వదిలేసిన తొర్రలో తలదాచుకుంటుంది. వేసవిలో ఇరవై ముప్పై తల్లులు ఒకచోట చేరి పిల్లలను సాకుతాయి. తల్లికి ఏటా ఒక్క పిల్లే. రెండు మూడు రోజులకోసారి తొర్ర మారుస్తాయి కాబట్టి ఒక్క గుంపుకే పదుల కొద్దీ తొర్రలు కావాలి. జర్మనీలోని వ్యూర్ట్స్‌బుర్గ్ నగరం దగ్గరి అడవుల్లో ఏళ్ల తరబడి సాగిన పరిశోధనలో ఇంకో సంగతి బయటపడింది. ఆడపిల్లలు పెద్దయ్యాక కూడా పుట్టిన గుంపులోనే ఉండిపోతాయి, పరాయి ఆడవాటిని గుంపు రానివ్వదు. అంటే ఒక గుంపు నశిస్తే ఆ చోటు నింపడానికి పొరుగు నుంచి వచ్చేవారుండరు.

తొర్రలకు బదులు చెట్లకు చెక్క పెట్టెలు వేలాడదీస్తే సరిపోతుందన్న వాదన ఉంది. పెట్టెల్లోకి ఇవి చేరతాయి, నిజమే. కానీ చుట్టూ పురుగులు పెరిగే ముదురు అడవి లేకపోతే అవి ఉత్త పెట్టెలే. పుచ్చిన చెట్టును పనికిరానిదిగా లెక్కగట్టి కొట్టేసే అటవీ యాజమాన్యాల అలవాటు ముందు మారాలి.

హాంబాఖ్ అడవిని నిలపాలని 2020 జనవరిలో జర్మనీ ప్రభుత్వం, బొగ్గు గనులున్న రాష్ట్రాలు ఒప్పందానికి వచ్చాయి. మంచిదే, అయితే గని అంచున ఒంటరిగా మిగిలిన ముక్క చాలదు. దాన్ని పొరుగు వనాలతో కలిపే చెట్ల వరుసలు కావాలి. ఆ మొక్కలు ఇప్పుడే నాటాలని మేం కోరుతున్నాం. ఈ ఏడు నాటిన ఓక్ మొక్క గబ్బిలం దూరేంత తొర్ర పడే మానుగా ఎదిగేసరికి ఎన్నో దశాబ్దాలు పడుతుంది.