మా ఆయన గురించి 'బాధ తీరిపోయింది' అనకండి

మా ఆయన పోయినప్పటి నుంచి పరామర్శకు వచ్చినవాళ్లు ఎక్కువగా అంటున్న మాట ఒకటుంది. 'పోనీలే అమ్మా, ఆయన బాధ తీరిపోయింది.' ప్రేమతోనే అంటున్నారని తెలుసు. అయినా ఆ మాట వినలేకపోతున్నాను. ఆయన ఏనాడూ చావు కోరుకోలేదు. కిడ్నీలు పాడయ్యాక, ఇంకొన్నాళ్లు మా మధ్య ఉండాలనే వారానికి మూడుసార్లు, మిషనుతో రక్తం శుభ్రం చేసే డయాలసిస్‌కు చేయి చాపి ఆ లావుపాటి సూదులు గుచ్చించుకున్నారు. అంతగా బతకాలనుకున్న మనిషిని, పోవడమే మేలైందన్నట్టు మాట్లాడితే నాకు కోపం వస్తుంది.

మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస. కొబ్బరి, జీడి, పనస తోటల సీమ. ఇప్పుడు మా ఊళ్ల పేరు చెప్పగానే ఎదుటివారికి ముందు గుర్తొచ్చేది కిడ్నీ జబ్బే. పిల్లలకు పెళ్లి సంబంధాలు చూసేటప్పుడు ఊరి పేరు వినే వెనక్కి తగ్గేవాళ్లున్నారు.

జబ్బు బయటపడినప్పుడు ఆయనకు సుగర్ లేదు, బీపీ లేదు. 'తాగుడు అలవాటుందా? నీళ్లు సరిగ్గా తాగేవాడు కాదా?' అని ఎంతమంది అడిగారో! నీళ్లని కొందరు, పురుగుమందులని కొందరు, ఎండలో చెమటోడ్చే పని అని కొందరు, నొప్పి మాత్రలని కొందరు అన్నారు. 1990ల నుంచి వైద్యులు గమనిస్తున్న ఈ జబ్బుకు అసలు కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. శ్రీలంకలో అనురాధపురం వైపు వరి రైతులకు, నికరాగువా, ఎల్ సాల్వడార్లలో చెరకు తోటల కూలీలకు కూడా ఇలాంటి జబ్బే వస్తోంది. అక్కడా ఎండలో ఒళ్లు వంచి పనిచేసేవాళ్లే రాలిపోతున్నారు. శాస్త్రవేత్తలకే అంతుపట్టనిదాన్ని రోగి తప్పుగా తేల్చేసే హక్కు మనకెక్కడిది?

డయాలసిస్ అంటే ఏమిటో బయటివాళ్లకు పూర్తిగా తెలియదు. మిషను మీద ఉండేది నాలుగు గంటలే. కానీ తెల్లవారుజామున బయలుదేరి, మంచం ఖాళీ అయ్యేదాకా కాచుకుని, అయ్యాక కళ్లు తిరుగుతుంటే కాసేపు కూర్చుని ఇల్లు చేరేసరికి పొద్దు వాలిపోతుంది. ఆయన మొదలుపెట్టిన కొత్తలో దగ్గర్లో మిషను దొరక్క వంద కిలోమీటర్లకు పైగా దూరం వెళ్లాం. తోడు వెళ్లినవాళ్ల కూలి కూడా ఆ రోజుకు పోయినట్టే. తర్వాత సోంపేట, పలాసల్లో డయాలసిస్ అందుబాటులోకి వచ్చింది. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. డయాలసిస్ రోగులకు నెలకు 10,000 రూపాయల పింఛను వస్తోంది. వీటి విలువ మాలాంటి కుటుంబాలకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. అయితే ప్రభుత్వం ఏదైనా, పరిశోధన ఫలితం ఏమైందని గట్టిగా అడగాల్సిందే. జబ్బు వచ్చాక మంచం ఇచ్చారు సరే, రాకుండా ఆపేదెప్పుడు?

ఇంట్లో యుద్ధం వేరు. కూరగాయల్లో ఉండే పొటాషియం రక్తంలో పెరిగితే గుండె ఆగిపోవచ్చని కూరగాయలు ముక్కలు కోసి, నానబెట్టి, ఉడికించి, ఆ నీళ్లు పారబోసి వండేదాన్ని. రుచి ఎక్కడుంటుంది? ఉప్పు తక్కువ, పప్పు తక్కువ. ఎక్కువ తాగితే నీళ్లు ఒంట్లోనే నిలిచిపోతాయి కాబట్టి, రోజుకు ఇంతేనని పొద్దున్నే కొలిచి సీసాలో పోసేదాన్ని. మందులు మింగే గుక్క, మజ్జిగ, టీ అన్నీ ఆ లెక్కలోనే. మే నెల ఎండలో ఐసు ముక్క నోట్లో పెట్టుకుని తోట కాపలా కాసేవారు. జీవితమంతా కొబ్బరి పండించిన మనిషికి కొబ్బరి నీళ్లు నిషేధం. వచ్చిన వాళ్లకి మాత్రం తనే బొండాం కొట్టి ఇచ్చేవారు, తాగేదాకా ఊరుకునేవారు కాదు.

ఇక డయాలసిస్ లేని రోజుల సంగతి. ఇది చెప్పాలనే ఇంత రాస్తున్నాను. ఆ రోజులు పూర్తిగా ఆయనవి. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను మా చెట్లలో చాలావాటిని కూల్చేసింది. అప్పటికే ఆయన డయాలసిస్ మీద ఉన్నారు. ఫిస్టులా, అంటే డయాలసిస్ సూదుల కోసం ఆపరేషను చేసి రక్తనాళాలు కలిపిన చోటు, ఉన్న చేత్తో బరువు ఎత్తకూడదు కాబట్టి కూలీలను పెట్టి, పక్కనే కుర్చీ వేసుకుని కొత్త మొక్కలు నాటించారు. మాది నాటు రకం, కాపుకు రావడానికి ఆరేడేళ్లు పడుతుంది. 'నీ ఒంట్లో ఇలా ఉంటే ఇప్పుడెందుకురా ఇవన్నీ' అని మా బావగారు అంటే, 'గుంత లోతు చాలలేదన్నయ్యా, చూడు' అన్నారు. ఆయన జవాబు అంతే.

కాయల ధర దగ్గర వ్యాపారితో గంటసేపు వాదించేవారు. నష్టపరిహారం జాబితాలో పేర్లు రాని రైతుల అర్జీలన్నీ ఆయన చేతి రాతే. డయాలసిస్ రోజులను కూడా ఊరికే పోనివ్వలేదు. పెద్దమ్మాయికి లెక్కల్లో భయం పోగొట్టింది ఆ మంచం మీద నుంచే. సూదులున్న చెయ్యి కదపకుండా రెండో చేత్తో పుస్తకం పట్టుకుని లెక్క చదివి వినిపించేవారు, అది పక్కన స్టూలు మీద కూర్చుని చేసేది. నర్సమ్మలు కూడా వచ్చి జవాబు చూసేవారు. చిన్నదాంతో మాత్రం చదువు మాటే లేదు, ఇద్దరూ క్రికెట్ చూస్తూ అరుచుకునేవారు. నాతో గొడవలూ ఉండేవి. నీళ్ల సీసా దాచేస్తున్నానని అలిగేవారు, రాత్రికి తనే వచ్చి మాట కలిపేవారు.

ఇదంతా బాధేనా? బాధ ఉంది, కళ్లారా చూశాను. వణుకు, ఒళ్లంతా దురద, నిద్రలేని రాత్రులు. కానీ ఆ ఏళ్లన్నింటినీ కలిపి 'పాపం, కిడ్నీ పేషెంటు' అని మూట కట్టేస్తే నా భర్త, నా పిల్లల తండ్రి అందులో కనిపించడు. చిన్నదానికి నాన్న జబ్బు లేకుండా ఎలా ఉండేవారో గుర్తే లేదు. దానికి తెలిసిన నాన్న ఆయనే, ఆయన పూర్తి మనిషే.

ఇద్దరు పిల్లలకూ ఏటా క్రియాటినిన్ పరీక్ష, అంటే కిడ్నీల పనితీరు తెలిపే రక్తపరీక్ష, చేయిస్తున్నాను. మా వైపు ఉన్నవాళ్లందరూ చేయించుకోండి, ముందు దశల్లో ఒంటికి ఏమీ తెలియదు.

ఆయన తెలిసినవాళ్లు ఈ పోస్టు కింద ఆయన గురించి రాయండి. జబ్బు సంగతి వద్దు, అది మాకు తెలుసు. మీతో కలిసి చదువుకున్నది, తోటలో పనిచేసింది, మీ అర్జీ రాసిపెట్టింది, మీతో పోట్లాడింది, ఏదైనా సరే. పిల్లలు చదువుకుంటారు.