డిస్క్ పోతే ఆట కట్టే

వీడియో గేమ్ కన్సోళ్ల, అంటే టీవీకి తగిలించి ఆడుకునే పెట్టెల, పని అయిపోయిందని ఏళ్ల తరబడి ఎవరో ఒకరు జోస్యం చెబుతూనే ఉన్నారు. మొదట ఫోన్లు మింగేస్తాయన్నారు, తర్వాత క్లౌడ్, అంటే గేమ్ ఎక్కడో సర్వర్లో నడిచి బొమ్మ మాత్రం ఇంటర్నెట్ మీద మన తెరకు వచ్చే పద్ధతి, మింగేస్తుందన్నారు. క్లౌడ్‌ను నమ్ముకుని గూగుల్ 2019లో తెచ్చిన స్టేడియా 2023 జనవరిలో మూతపడింది. 2025 జూన్‌లో వచ్చిన నింటెండో స్విచ్ 2 నాలుగు రోజుల్లోనే 35 లక్షలకు పైగా అమ్ముడుపోయింది. పెట్టెకు ఇప్పట్లో వచ్చిన ముప్పేమీ లేదు. విజయవాడ, గుంటూరు లాంటి ఊళ్లలో దాన్ని ఎవరు కొనగలరన్నదే నా అనుమానం.

ఒకప్పుడు కన్సోల్ పాతబడేకొద్దీ చౌకయ్యేది. సోనీ ప్లేస్టేషన్ 2 అమెరికాలో 2000లో 299 డాలర్లతో మొదలై 2009కల్లా 99 డాలర్లకు దిగింది. ఇప్పుడు లెక్క తిరగబడింది. ప్లేస్టేషన్ 5 (పీఎస్5) మన దగ్గరికి 2021 ఫిబ్రవరిలో 49,990 రూపాయలకు వచ్చింది. రెండేళ్లు తిరక్కముందే 54,990 అయింది. 2025లో సోనీ, మైక్రోసాఫ్ట్ రెండూ అమెరికాలో కూడా పాత మోడళ్లకే రేటు పెంచాయి. చిప్‌ల తయారీ ఖర్చు మునుపటిలా తగ్గడం లేదు. ఉన్న మెమరీ చిప్‌లను ఏఐ డేటా సెంటర్లు ఎగరేసుకుపోతున్నాయి. వచ్చే తరం కన్సోల్ చౌకగా దొరుకుతుందని ఎదురుచూసేవాళ్లకు ఓ దండం.

మరి ఇంత రేటులో మన ఊళ్లలో ఆట ఎలా నడుస్తోంది? గుంటూరు బ్రాడీపేట సందుల్లోనో విజయవాడ పటమటలోనో ఒక గేమింగ్ పార్లర్‌లోకి వెళ్లి చూడండి. హాస్టల్ కుర్రాళ్లు గంటకింత అని కట్టి ఫుట్‌బాల్ మ్యాచ్ ఆడుతుంటారు. చేతిలోని రిమోట్ స్టిక్ మీద రబ్బరు అరిగి, ఎవరూ తాకకుండానే ప్లేయర్ పక్కకి నడిచిపోతుంటాడు. "అన్నా, రిమోట్ మార్చవా" అని ఒక కేక. పార్లర్‌కి, ఇంట్లో సొంత పెట్టె ఉన్నవాడికి కూడా ఆధారం డిస్కే. కొత్త పెద్ద గేమ్ సుమారు ఐదు వేల రూపాయలు. ఒకడు కొని, పూర్తిచేసి, కాస్త తగ్గించి అమ్ముతాడు. ఆ డబ్బుకి ఇంకొంచెం కలిపి మరో గేమ్ తెచ్చుకుంటాడు. మా తరం కాంట్రా గేమ్ క్యాసెట్లు మార్చుకున్నట్టే. కాకపోతే అప్పుడు పెట్టుబడి సున్నా.

ఇలా పది చేతులు మారినా కంపెనీకి దక్కేది మొదటి అమ్మకం డబ్బే. అదే కంపెనీ సొంత ఆన్‌లైన్ స్టోర్‌లో డౌన్‌లోడ్‌గా కొంటే ప్రతి అమ్మకంలో వాటా, పైగా సెకండ్‌హ్యాండ్ అన్న మాటే ఉండదు. అందుకే డిస్క్ మెల్లగా మాయమవుతోంది. మైక్రోసాఫ్ట్ కన్సోల్ ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎస్‌లో డిస్క్ పెట్టే డ్రైవ్ లేదు. 2024లో వచ్చిన పీఎస్5 ప్రోలోనూ లేదు. స్విచ్ 2 కార్డుల్లో కొన్నింటిలో గేమే ఉండదు, తాళం మాత్రమే ఉంటుంది, మిగతాది డౌన్‌లోడ్ చేసుకోవాలి. 100 జీబీ గేమ్‌ను రోజుకు 1.5 జీబీ ప్యాక్ మీద దించుకోవాలంటే రెండు నెలలు దాటుతుంది. ఇంట్లో ఫైబర్ ఉన్నవాడికి ఇది సమస్య కాదు, హాస్టల్ కుర్రాడికి సమస్యే.

క్లౌడ్ ఆదుకుంటుందా? ఎక్స్‌బాక్స్ క్లౌడ్ 2025 నవంబర్‌లో మన దేశానికీ వచ్చింది. కానీ సెకనుకు 60 ఫ్రేములు (బొమ్మలు) అంటే ఒక్కో ఫ్రేముకు 17 మిల్లీసెకన్లు కూడా ఉండవు. బటన్ నొక్కిన సంగతి సర్వర్‌కు చేరి బొమ్మ తిరిగి వచ్చేసరికి టెక్కెన్ లాంటి ఫైటింగ్ గేమ్‌లో ఎదుటివాడు రెండు దెబ్బలు వేసేసి ఉంటాడు. నిదానంగా ఆడే గేములకు పనికొస్తుంది, అంతే.

నా అంచనాలో వచ్చే తరం పెట్టెలకు డ్రైవ్ విడిగా కొని తగిలించుకునే వస్తువు అవుతుంది. ఆ పై తరానికి అదీ ఉండదు. అప్పుడు దెబ్బ ముందు పార్లర్లకే. గేములు సొంత వాడకానికే అని లైసెన్స్ షరతుల్లో ఎప్పట్నుంచో ఉంది, ఎవరూ పట్టించుకోలేదు. ఆడేది ఎవరని డిస్క్ అడగదు. అకౌంట్ మాత్రం ప్రతి లాగిన్‌నీ నమోదు చేస్తుంది, కంపెనీ తలుచుకుంటే ఒక్క నొక్కుతో ఆపేయగలదు.

ఇప్పుడు కొనేవాళ్లు డిస్క్ మోడలే తీసుకోండి. 2024లో పీఎస్5 స్లిమ్ మన దగ్గరికి వచ్చినప్పుడు డిస్క్ ఉన్న మోడల్‌కీ లేని మోడల్‌కీ తేడా పది వేలు. ఒక్కో సెకండ్‌హ్యాండ్ గేమ్ మీద రెండు వేలు మిగిలినా ఐదు గేములతో ఆ డబ్బు తిరిగొచ్చేస్తుంది.