"పిల్లే ముందు మెసేజ్ పెట్టిందట" అనేవాళ్లకు

శనివారం నుంచి ఇప్పటికి ఆరుగురు నాకు ఒకే మెసేజ్ పంపారు. విజయవాడ పటమటలో మా అపార్ట్‌మెంట్ గ్రూపులో ఒకరు, గుంటూరు బ్రాడీపేట నుంచి మా పెద్దమ్మ కూతురు, నాతో డిగ్రీ చదివిన ముగ్గురు. చివరగా ఒక టీచర్ గారు. ఆవిడ పంపడమే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

"తల్లిదండ్రులకు హెచ్చరిక" అని మొదలయ్యే ఆ మెసేజ్‌లో ఐదు మాటలున్నాయి. పిల్లల హెల్ప్‌లైన్ 1098 మూసేశారట. పిల్లను ఎవడైనా లైంగికంగా వేధించాడని ఫిర్యాదు చేస్తే, ఆ పిల్లను పద్దెనిమిదేళ్లు నిండేదాకా పిల్లల హోమ్‌లో పెట్టేస్తారట. పేరు పేపర్లకెక్కుతుందట, ఆఫీసర్లు పిల్లను పదిసార్లు అడుగుతారట. ఇలాంటి నేరస్థుల జాబితాను ప్రభుత్వం దాచిపెట్టిందట, కాబట్టి కింది ఫొటోలోని ముగ్గురినీ ఎక్కడ కనిపిస్తే అక్కడ పట్టుకోవాలట. అన్నిటికన్నా ముఖ్యమైనది అంటూ చివరిది: "మీ పిల్లే వాడికి మెసేజ్‌లు పెట్టినట్టు తేలితే కేసు నిలవదు, తప్పు పిల్లదే అంటారు. చాట్ డిలీట్ చేసి, సిమ్ విరిచేసి, గుట్టుగా ఉండండి."

పిల్లల కేసుల్లో కౌన్సెలర్‌గా ఈ రెండు ఊళ్లలో తొమ్మిదేళ్లు పనిచేశాను. ఊరుకోలేక రాస్తున్నాను.

1098 మూతపడలేదు. 2023లో స్వచ్ఛంద సంస్థల చేతుల్లోంచి ప్రభుత్వం చేతికి వెళ్లింది, అత్యవసర నంబరు 112తో కలిపారు. నంబరు అదే. ఈ విషయం ఇంతటితో సరి.

జాబితా ఉంది, ఎవరూ దాచలేదు. లైంగిక నేరాల్లో శిక్షపడినవాళ్ల వివరాలతో 2018 సెప్టెంబరులో జాతీయ స్థాయిలో తయారైంది. పోలీసులు మాత్రమే చూడగలరు. అందరికీ ఎందుకు ఇవ్వరో అర్థం కావాలంటే అదే ఏడాది ఏం జరిగిందో గుర్తు తెచ్చుకోండి. పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లు తిరుగుతున్నారన్న మెసేజ్‌లు నమ్మి, దేశంలో ఎంతమంది అమాయకులను కొట్టి చంపారు! మీరు పంపిన ఫొటోలో ఉన్నవాళ్లు ఎవరో మీకు తెలుసా? పోనీ, వాళ్లు నిజంగా నేరస్థులే అనుకుందాం. దేశంలో నేరాల లెక్కలు కట్టే ఎన్‌సీఆర్‌బీ ప్రకారం ఏటా పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల చట్టం) కేసుల్లో తొంభై శాతానికి పైగా నిందితుడు పిల్లకు తెలిసినవాడే. బంధువు, పక్కింటివాడు, ఆన్‌లైన్‌లో స్నేహితుడైనవాడు. బెంజి సర్కిల్‌లో అపరిచితుల ముఖాలు వెతుకుతూ కూర్చుంటే ఇంట్లోకి వచ్చి టీ తాగి వెళ్లేవాడు కనిపించడు.

హోమ్ సంగతి. ఫిర్యాదు అందిన 24 గంటల్లో పోలీసులు పిల్లల సంక్షేమ కమిటీకి (సీడబ్ల్యూసీ) తెలపాలి. పిల్లను కమిటీ ముందుకు తీసుకెళ్లాల్సింది నిందితుడు అదే ఇంట్లో ఉన్నప్పుడు, లేదా పిల్లకు అమ్మానాన్నల అండ లేనప్పుడు. అప్పుడు కూడా ఇంటి నుంచి దూరంగా ఉంచాలా వద్దా అన్నది కమిటీ మూడు రోజుల్లో తేల్చాలి, పిల్ల ఏమంటుందో వినాలి. బయటివాడు మెసేజ్‌లు పెట్టిన కేసులో అమ్మ పక్కనుండగా పిల్లను లాక్కెళ్లిపోవడం నేను ఒక్కసారి కూడా చూడలేదు.

పేరు బయటపెడితే అదే నేరం. స్టేట్‌మెంట్ ఇంటి దగ్గరే తీసుకోవచ్చు, వచ్చే పోలీసు యూనిఫాంలో ఉండకూడదు. విచారణ మూసిన తలుపుల వెనక జరుగుతుంది.

ఇక చివరి మాట. దీని కోసమే కూర్చున్నాను.

పిల్లే మెసేజ్ పెట్టింది. అవును, పెడుతుంది. మాకు వచ్చిన కేసుల్లో చాలావాటిలో పెట్టింది. వాడు పని మొదలుపెట్టేదే అలా. గేమ్‌లోనో, రీల్ కిందో ఒక పొగడ్త. తర్వాత రీచార్జ్. ఇంట్లో తిట్టిన రోజు ఓదార్పు. "ఇది మన మధ్యే ఉండాలి" అన్న మాట. ఒక ఫొటో. ఆ ఫొటో చేతికొచ్చాక బెదిరింపు. అప్పటినుంచి పిల్ల తనే మెసేజ్ పెడుతుంది. క్లాస్ గ్రూపులో ఆ ఫొటో పెడతాడేమోనని, కోపం వచ్చిందేమోనని. కొంతమంది వాడి మీద నిజంగానే ఇష్టంతో పెడతారు. మగపిల్లల్లోనూ ఇంతే. కేసు పెట్టాక కూడా స్నేహితురాలి ఫోన్ నుంచి వాడికి కాల్ చేసిన పిల్లలున్నారు. అది తెలిసినప్పుడు ఈ పని తెలిసినవాళ్లు పిల్లను దోషిలా చూడరు. వాడి పట్టు ఇంకా వదల్లేదని అర్థం చేసుకుంటారు.

"ఎందుకు చేశావు" అన్నది మేము మొదట అడిగే ప్రశ్న కాదు. ఎప్పటినుంచి, ఏమిస్తానన్నాడు, ఎక్కడికి రమ్మన్నాడు, కలవాల్సిన రోజు ఏదైనా అనుకున్నారా? ఆ రోజు రేపే అయితే మిగతా పనులన్నీ పక్కన పెడతారు. వాడు బెయిల్ మీద ఉండి మళ్లీ మాట్లాడుతుంటే, బెయిల్ రద్దు అడగడానికి పోలీసులకు, ప్రాసిక్యూటర్‌కు చెబుతారు. పిల్లకు కేసు నడిచేటప్పుడు తోడుండే సపోర్ట్ పర్సన్‌ను ఇస్తారు, కౌన్సెలింగ్ నడుస్తుంది.

కేసు నిలవదని ఎవరు చెప్పారు మీకు? పద్దెనిమిదేళ్లలోపు పిల్ల సమ్మతికి చట్టంలో విలువే లేదు. లైంగిక ఉద్దేశంతో ఫోన్‌లోగానీ నెట్‌లోగానీ పిల్లల వెంటపడి పదేపదే మాట్లాడటమే పోక్సో 11వ సెక్షన్ కింద నేరం. ఇలాంటి చేష్టల కోసం పిల్లల్ని ఆన్‌లైన్ బంధంలోకి లాగడం ఐటీ చట్టం 67బీ కింద నేరం. మొదట ఎవరు "హాయ్" అన్నారన్నది ఈ రెండింటిలోనూ ప్రశ్నే కాదు. ఆఖరికి ఫిర్యాదు తప్పని తేలినా పిల్లలకు శిక్ష లేదు.

డిలీట్ చేయమంటున్నారు కదా, దాని ఫలితం నేను చూశాను. ఒక తండ్రి కోపంలో ఫోన్‌ను నేలకేసి కొట్టి, ముక్కలు సంచిలో వేసుకుని మా దగ్గరికొచ్చాడు. వాడు పెట్టిన బెదిరింపులన్నీ ఆ ముక్కల్లోనే పోయాయి. మిగిలింది పిల్ల మాట ఒక్కటే. రెండు రోజులు దెబ్బలు తిన్న ఆ పిల్ల అప్పటికే మాట్లాడటం మానేసింది. మీ మెసేజ్ చదివి ఇవాళ ఎన్ని ఇళ్లలో ఇదే జరుగుతోందో నాకు తెలియదు. మీకు భయం వేయడం లేదా?

ఫోన్‌ను అలాగే ఉంచండి. నంబరు, ప్రొఫైల్, తేదీలు కనిపించేలా చూసి పోలీసులకు ఇవ్వండి. పిల్లలాగా మీరే చాట్ చేసి, వాణ్ని ఎక్కడికో రప్పించి కొట్టే పని పెట్టుకోకండి. అసభ్యమైన ఫొటో ఉంటే సాక్ష్యం పేరుతో కూడా ఎవరికీ ఫార్వర్డ్ చేయకండి, అది నేరం.

ఆ మెసేజ్‌లో ఒక్క మాట నిజం, ఒప్పుకుంటాను. పిల్లను చాలాసార్లు అడుగుతారు. పోలీసులు, డాక్టర్, మేజిస్ట్రేట్, కమిటీ, మాలాంటివాళ్లం. నాలుగోసారి చెప్పేటప్పుడు పిల్ల ముఖం ఎలా ఉంటుందో నాకు తెలుసు. నిందితుడు ఇంట్లోవాడైతే, వాణ్ని పట్టుకునేదాకా బట్టలు సర్దుకుని వెళ్లేది పిల్లే. అది అన్యాయం. విచారణ వీలైనంతవరకు ఏడాదిలో ముగియాలని చట్టంలో ఉన్నా, నేను చూసినవాటిలో అలా ముగిసినవి తక్కువ. వీటి మీద మెసేజ్ రాయండి, నేనే అందరికీ పంపుతాను.

టీచర్ గారూ, మీకు ఒక్కమాట. ఇలాంటిది మీకు తెలిసి కూడా చెప్పకుండా ఊరుకుంటే ఆరు నెలల వరకు జైలు. "గుట్టుగా ఉండండి" అన్న సలహా మీ పేరుతో నలభైమంది తల్లిదండ్రులున్న గ్రూపులోకి వెళ్లింది.

పంపిన ఆరుగురికీ విడివిడిగా ఫోన్ చేస్తున్నాను. నలుగురు తీసేశారు. మా పెద్దమ్మ కూతురు సాయంత్రం చూస్తానంది. టీచర్ గారు ఇంకా ఫోన్ ఎత్తలేదు.