శ్రీయుత 8.3 గారికి, మిరప నారు తరఫున

శ్రీయుత 8.3 గారికి,
మట్టి పరీక్ష కార్డు, మొదటి వరుస, పీహెచ్ గడి (ఏడుకు కిందైతే మట్టి పులుపు, పైనైతే క్షారం).

అయ్యా,

తమరు క్షేమమేనని తెలుసు, అడగక్కర్లేదు. మట్టిలో సున్నం ఉన్నంత కాలం తమరి కుర్చీకి ఢోకా లేదు. క్షేమంగా లేనిదల్లా గుంటూరు బ్రాడీపేటలో మా అపార్ట్‌మెంట్ మేడమీద, కుండీల్లో మొలిచిన మిరప నారు. దానికి రాయడం రాదు కనుక దాని తరఫున నేను రాస్తున్నాను.

మొలకెత్తినప్పుడు ముచ్చటగానే ఉంది. రెండు విత్తనపుటాకులు పచ్చగా విచ్చుకున్నాయి. విత్తనంలో తెచ్చుకున్న సరుకు మీద బతికినన్నాళ్ళూ దానికి తమరితో పని పడలేదు. వేరు తమరి ఇలాకాలోకి దిగాకే కథ మారింది. కొత్తగా వచ్చిన ఆకు పసుపు, ఈనెలు మాత్రం పచ్చన. నత్రజని తక్కువైతే ముదురాకు ముందు పండుతుంది. ఇక్కడ అడుగాకులు బాగానే ఉండి, చిగురు పాలిపోతోంది. అంటే ఇనుము అందలేదు.

మట్టిలో ఇనుము లేదా అంటే, నల్లరేగడిలో ఇనుముకు కరువేమిటి? గోడౌన్ నిండా సరుకు పెట్టుకుని తాళంచెవి తమరు మొలతాడుకు కట్టుకున్నారు. తమరు ఒక్క అంకె పైకి జరిగితే చాలు, మట్టినీళ్ళలో కరిగే ఇనుము వెయ్యోవంతుకు పడిపోతుంది. జింకు, మాంగనీసు ఫైళ్ళు కూడా తమరి బల్ల మీదే పెండింగ్. భాస్వరం సంగతి మరీ అన్యాయం. డబ్బు పోసి కొని వేసిన భాస్వరాన్ని తమరు పట్టుకెళ్ళి కాల్షియం చేతిలో పెడతారు. అది ఇక వేరుకు దక్కదు.

చూడ్డానికి మాత్రం ఎంత అమాయకమైన అంకె! 6.3కీ 8.3కీ తేడా రెండే కదా అనుకుంటారు జనం. తమరి లెక్కలో ఆ రెండంటే నూరు రెట్లు. 1909లో డెన్మార్క్ శాస్త్రవేత్త సోరెన్సెన్ ఈ కొలబద్ద తయారుచేసింది కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో. అది బీరు కంపెనీ వాళ్ళది. తమరు పుట్టింది బీరు వాళ్ళింట, పెత్తనం చేసేది మా పచ్చిమిరపకాయ మీద.

అయితే తప్పంతా తమరిదే అనను. తమర్ని మేపేవాళ్ళు మా మేడమీదే ఉన్నారు. మూడో అంతస్తు పిన్నిగారు ఆదివారం ఆదివారం కోడిగుడ్డు పెంకులు దంచి కుండీల్లో చల్లుతారు. "మొక్కకు బలం నాయనా" అంటారు. పెంకంటే దాదాపు అంతా కాల్షియం కార్బొనేటే, అంటే తమరి కుర్చీ కింద ఉన్న సున్నమే. రెండో అంతస్తు బాబాయిగారు ఊరి నుంచి కట్టెల పొయ్యి బూడిద సంచుల్లో తెప్పిస్తారు. పులుపెక్కిన నేలలకు బూడిద మందే. తమరికి అది టానిక్. ఈ మాట చెబితే బాబాయిగారు, "మా తాత కూడా బూడిదే వేశాడురా" అని నోరు మూయించారు. వాళ్ళ తాత నేల ఎక్కడిదో, అందులో తమరు ఎంత ఉన్నారో ఎవరు కొలిచారు?

బిల్డరు సేవ ఇంకా గొప్పది. కట్టడం అయిపోగా మిగిలిన మట్టిని గార్డెన్ మట్టి అని చెప్పి సెల్లారులో ఓ మూల పోయించి వెళ్ళిపోయాడు. జల్లెడ పడితే సిమెంటు పెళ్ళలు, ప్లాస్టరు ముక్కలు, కూల్చిన పాత ఇంటి గోడ సున్నం. అందరూ దాంతోనే కుండీలు నింపారు, ఉచితం కదా!

వీళ్ళందరికంటే పెద్ద భక్తుడు బోరు. కుళాయి నీళ్ళు తాగడానికీ వంటకీ మాత్రమేనని అసోసియేషన్ తీర్మానం. మొక్కలకు బోరు నీళ్ళే. ఆ నీళ్ళ గొప్పతనం తెలియాలంటే బకెట్ అంచున తెల్లపొర, గీజరు రాడ్డుకు పట్టిన పెచ్చు చూడాలి. అందులో కరిగి వచ్చే బైకార్బొనేటు రోజూ తమరి ఖాతాలో జమ అవుతోంది. ఇంకొందరు పుణ్యాత్ములు ఆర్‌ఓ మిషను వదిలేసే నీళ్ళు వృథా పోకూడదని పైపు పెట్టి కుండీలకు పడుతున్నారు. నీళ్ళలోని ఉప్పులన్నీ పోగుపడేది అందులోనే. పొదుపు మంచిదే గానీ, ఆ నీళ్ళతో గచ్చు కడుక్కుంటే ఎవరు వద్దన్నారు?

ఇక ముడుపుల సంగతి. తమరి దగ్గర పని కావాలంటే చేయి తడపాలని ఎవరు చెప్పారో, తలా ఒకటి తెచ్చి పోస్తున్నారు. వెనిగర్ పోసిన పూట మట్టి బుసబుసమని నురగ కక్కుతుంది. పనిచేస్తోందని ఫోన్లో వీడియో తీసి వాట్సాప్‌లో పెడతారు. కాసింత సున్నం కరిగి గ్యాస్ పోయింది, అంతే. వెనకాల సున్నం స్టాకు అలాగే ఉంది. నాలుగు రోజులు తిరక్కుండా తమరు మళ్ళీ 8.3. నిమ్మరసం పోస్తే దాని పులుపును మట్టిలోని సూక్ష్మజీవులు తినేస్తాయి. కాఫీ పిప్పిలో పులుపు చాలావరకు డికాక్షన్‌లోకి దిగిపోయింది. దాన్ని మనం పొద్దున్నే తాగేశాం.

ఎరువుల కొట్టు కుర్రాడు ఒకాయనకు జిప్సం అంటగట్టాడు. జిప్సం పనిచేసేది తమరి అన్నగారి మీద, 8.5 దాటిన కారు చౌడు మీద. అక్కడ తిష్ట వేసేది సోడియం. జిప్సంలోని కాల్షియం దాన్ని గెంటేశాక, నీళ్ళు కట్టి బయటికి కడిగేయాలి. తమరి దగ్గర అధికారమంతా కాల్షియానిదే. కాల్షియానికి కాల్షియం లంచమా?

నాలుగో అంతస్తు ఇంజినీరింగ్ కుర్రాడు ఇంకో మెట్టు ఎక్కాడు. ఆన్‌లైన్‌లో 'పీహెచ్ డౌన్' సీసా తెప్పించాడు. ఎక్కడ నేర్చావురా అంటే అమెరికా వాళ్ళ వీడియోల్లో అన్నాడు. తీరా చూస్తే ఆ వీడియోల్లో మొక్క మిరప కాదు, గంజాయి! లేత నారు కాస్త పాలిపోతే ఇంత టెన్షన్ పడి, ప్రతి చెంబు నీళ్ళకూ పీహెచ్ కొలిచే శ్రద్ధ మన ఉద్యోగులు ఫైళ్ళ మీద పెడితే దేశం ఎక్కడో ఉండేది. అక్కడ కొన్ని రాష్ట్రాల్లో దాన్ని పెంచుకోనిస్తారు. ఇక్కడ 1985 నాటి మాదకద్రవ్యాల నిరోధక ఎన్‌డీపీఎస్ చట్టం కింద లోపల వేస్తారు. కనీసం మేడమీద స్పీకర్ పెట్టి వినకురా అని చెప్పాను, కింద వాచ్‌మన్‌కు ఇంగ్లిష్ కొద్దిగా వచ్చు.

వాళ్ళ సలహా వాళ్ళ మట్టికి నిజమే. అసలు వాళ్ళలో చాలామంది వాడేది మట్టే కాదు, పీట్ (చిత్తడి నేలల్లో నాచు కుళ్ళి ఏర్పడే పొట్టు) మిశ్రమం. దానికి పులుపు సహజం. ఆ పులుపును చంపడానికి ముందుగానే డోలమైట్ సున్నం కలిపి ఉంచుతారు. పీహెచ్ కాస్త ఎక్కువైతే నీళ్ళలో నాలుగు చుక్కల ఫాస్ఫారిక్ ఆమ్లం వేసి దించుకుంటారు. మన రేగడిలో నాలుగు చుక్కలు వేస్తే తమరు తల ఎత్తి కూడా చూడరు.

తమరికి భయం ఉన్నది గంధకం ఒక్కదానికే. మట్టిలోని థయోబాసిల్లస్ బ్యాక్టీరియా దాన్ని మెల్లగా సల్ఫ్యూరిక్ ఆమ్లంగా మారుస్తుంది. తడి ఉండాలి, వెచ్చదనం ఉండాలి, వారాలూ నెలలూ ఆగాలి. వెచ్చదనానికి గుంటూరులో లోటు లేదు గానీ, ఆగడమే కష్టం. ఆగినా లెక్క కుదరదు. పది కిలోల కుండీ మట్టిలో 5 శాతం సున్నం ఉందనుకుందాం, అంటే అర కిలో. అదంతా కరగాలంటే సుమారు 160 గ్రాముల గంధకం కావాలి. లేత నారున్న కుండీలో అంత వేస్తే తమరు దిగేలోపు నారు ఉప్పెక్కి పోతుంది. చిటికెడు వేస్తే తమరు కదలరు. ఈ లెక్క కాగితం మీద వేసి చూపించాక కుర్రాడు సీసాకు మూత పెట్టేశాడు.

ఇంతకీ తమరు 8.3 అని మాకు ఎలా తెలిసిందంటే, ల్యాబులో ఒక వంతు మట్టికి రెండున్నర వంతుల డిస్టిల్డ్ వాటర్ కలిపి కొలిస్తే తెలిసింది. అంతకు ముందు మేడమీద ఒక మూడు పనుల మీటరు రాజ్యం చేసేది. తేమా, వెలుతురూ, పీహెచ్ అన్నీ ఒక్క పుల్లతోనే, బ్యాటరీ కూడా లేకుండా చెబుతానంటుంది. పొడిమట్టిలో గుచ్చితే ఒక అంకె, నీళ్ళు పోసి గుచ్చితే ఇంకో అంకె. పిన్నిగారు వంటింట్లో నిమ్మకాయకు గుచ్చినా అది ఏడే అంది.

ఇంత పొగిడాను గానీ ఒక మాట అడగాలి. ఊరు దాటి నల్లరేగడి పొలాల్లోకి వెళ్తే తమరి అన్నదమ్ములు అక్కడా ఎనిమిది చుట్టుపక్కలే కుర్చీలు వేసుకుని ఉన్నారు. ఆ నేలల్లోనే మిరప పండి టిక్కీలకు టిక్కీలు, అంటే బస్తాలకు బస్తాలు, గుంటూరు యార్డుకు దిగుతున్నాయి. ఆ రైతులెవరూ తమరికి వెనిగర్ పోయలేదు. జీలుగో జనుమో పిల్లిపెసరో వేసి కలియదున్నుతారు, పశువుల ఎరువు తోలుతారు. అది కుళ్ళేటప్పుడు పుట్టే ఆమ్లాలు వేరు పక్కనే కాస్త ఇనుమును విడిపిస్తాయి. తమరి సంతకం లేకుండానే పని జరిగిపోతుంది. ఇప్పుడు చాలామంది నారును తమరి కంట పడనివ్వడం లేదు కూడా. షేడ్‌నెట్ కింద, ప్రోట్రేల్లో (గుంటలున్న ప్లాస్టిక్ ట్రేల్లో), కొబ్బరి పొట్టులో ఆరు వారాలు పెంచి, వేరు ముదిరాకే పొలంలో పెడుతున్నారు.

ఇక్కడ మా వాళ్ళేమో లేత నారును నేరుగా తమరి ముందు నిలబెట్టి, ఆకు పసుపెక్కగానే రెండు పూటలా బోరు నీళ్ళు పోస్తున్నారు. మట్టికి ఊపిరాడకపోతే బైకార్బొనేటు ఇంకా పేరుకుంటుంది, ఇనుము ఇంకా బిగుసుకుంటుంది. తమరు చేసిన దానికంటే ఈ రెండో పూట చెంబు చేసిందే ఎక్కువని నా అనుమానం.

అందుకని తమర్ని దించే ప్రయత్నం విరమించుకున్నాం. తప్పించుకుపోవడమే మేలని తేల్చుకున్నాం. ఇకపై నారు కడిగిన కొబ్బరి పొట్టులో, వర్మీకంపోస్టు కలిపిన ట్రేల్లో పెరుగుతుంది. వాన పడ్డప్పుడు డ్రమ్ముల్లో పట్టిన నీళ్ళు నారుకే. ఇప్పటికే పాలిపోయిన వాటికి ఇనుము పైనుంచి, ఆకుల మీదే అందుతుంది. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ ఆమ్లం). మరీ లేత నారుకు అందులో సగం, సాయంత్రం ఎండ తగ్గాక. పాత ఆకులో పడిన ఇనుము కొత్త ఆకుకు నడిచి వెళ్ళదు కనుక కొత్త చిగురు వచ్చినప్పుడల్లా మళ్ళీ కొట్టాలి, ఆ ఓపిక మాకుంది. కొట్లో ఈడీటీఏ ఇనుము (ఈడీటీఏ అనే రసాయనం పట్టి ఉంచే ఇనుము) ఇస్తే మట్టికి వద్దంటాం. తమరి కాల్షియం దాన్ని ఊడబెరుకుతుందని తెలుసు. మట్టిలో వేయాల్సి వస్తే, ఇనుమును ఇంకా గట్టిగా పట్టుకునే ఈడీడీహెచ్‌ఏ తెస్తాం. ధర ఎక్కువే గానీ అది తమరికి లొంగదు.

పెద్ద కుండీల్లో ఏటా కాస్త గంధకం, కంపోస్టు కలుపుతూ పోతాం. 6.5 కమ్మని తమర్ని బతిమాలడం లేదు. వచ్చే ఏడాది కార్డులో 7.9 అని కనిపించినా స్వీట్లు పంచుతాం. అంతవరకు మిరప నారు విషయంలో తమరి జోక్యం అనవసరమని తెలియజేయడమైనది.

ఇట్లు,
మేడమీది కుండీల తరఫున,
ఒక బ్రాడీపేట వాసి

ప్రతులు:
బోరు మోటారు గారికి, తగు సమాచారం నిమిత్తం.
ఆర్‌ఓ మిషను వారికి, గచ్చు విభాగానికి బదిలీ ఉత్తర్వులతో.
మూడో అంతస్తు పిన్నిగారికి, పెంకులు చెత్తబుట్టలో వేయగలరని ప్రార్థన.