జూలైలో అడిగితే వేళ కాదన్నారు

నిన్న మా తెలుగు వాట్సాప్ గ్రూపులో ఒకాయన పెట్టిన మెసేజ్ చూశాక రాత్రి నిద్ర పట్టలేదు. ఇక్కడ కెనడాలో ఫస్ట్ నేషన్స్ అనే మూలవాసుల గురించి. "ప్రభుత్వం ఊరికే డబ్బులిస్తుంది, ఇళ్లిస్తుంది, అయినా వీళ్లు తాగి చస్తారు. మన ట్యాక్సులన్నీ వీళ్లకే." దాని కింద నలభై దాకా లైకులు. పెట్టినాయన చెడ్డవాడేం కాదు. నేను కొత్తగా వచ్చినప్పుడు జనవరి చలికి సరైన జాకెట్ లేకపోతే తనది తెచ్చి ఇచ్చాడు. అందుకే ఎక్కువ బాధేసింది.

అక్కడే జవాబు రాద్దామనుకున్నాను. నాలుగు లైన్లలో అయ్యేది కాదని ఇక్కడ రాస్తున్నాను.

నేను థండర్ బేలో ఉంటాను. ఒంటారియో ఉత్తరాన ఉన్న పల్లెలకు ఈ ఊరే పెద్ద పట్నం. ఆ పల్లెల్లో వాపెకెకా ఒకటి. సుమారు నాలుగు వందల మంది జనం. రోడ్డు లేదు, విమానంలోనే వెళ్లాలి. చలికాలంలో మాత్రం గడ్డకట్టిన సరస్సుల మీదుగా కొన్ని వారాలు దారి వేస్తారు. 2016 జూలైలో ఆ ఊరి పెద్దలకు ఒక విషయం తెలిసింది. కొందరు చిన్న ఆడపిల్లలు కలిసి ప్రాణాలు తీసుకోవాలని మాట్లాడుకున్నారట. పెద్దలు ఏడుస్తూ కూర్చోలేదు. కాగితం కలం తీశారు. నలుగురు మానసిక ఆరోగ్య కార్యకర్తల్ని పెట్టుకోవడానికి 3,76,706 డాలర్లు కావాలని ఫెడరల్ ఆరోగ్య శాఖను అడిగారు. అప్పటి రేటులో రెండు కోట్ల రూపాయలకు కాస్త తక్కువ.

డబ్బు రాలేదు. 2017 జనవరిలో, రెండు రోజుల తేడాతో, ఇద్దరు అమ్మాయిలు చనిపోయారు. ఇద్దరికీ 12 ఏళ్లు.

ఎందుకు ఇవ్వలేదని పత్రికల వాళ్లు అడిగితే శాఖ అధికారి చెప్పిన కారణం వినండి. అడిగిన సమయం బడ్జెట్ లెక్కల ప్రకారం ఇబ్బందికరంగా ఉందట. పిల్లలు పోయాక దాదాపు అంతే మొత్తం మంజూరైంది. అదే ఏడాది జూన్‌లో మరో అమ్మాయి. ఆ పాపకీ 12 ఏళ్లే.

మా నాన్న ముప్పై ఏళ్లు ప్రభుత్వ ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరయ్యాడు. ఫోన్లో ఈ సంగతి చెబితే మొదట అడిగిన ప్రశ్న, "అక్కడ ఆర్థిక సంవత్సరం ఎప్పుడు మొదలవుతుందిరా?" అని. ఏప్రిల్ 1నే, మన దగ్గరలాగే అన్నాను. కాసేపు మాట్లాడలేదు. "జూలై అంటే మూడు నెలలే కదరా అయింది. మేం ఫిబ్రవరిలో నిధులు లేవనేవాళ్లం, మార్చిలో నిధులు మురిగిపోతున్నాయని పరిగెత్తేవాళ్లం. జూలైలో లేవనడం నేనెక్కడా చూడలేదు" అన్నాడు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడని మనవాళ్లు ఊరికే అనలేదు. ఎందుకంటే దేవుడు నిజంగానే వరమిచ్చాడు. సరిగ్గా అంతకుముందు నెలలోనే, 2016 జూన్‌లో, మూలవాసుల మానసిక ఆరోగ్యానికి మూడేళ్లలో 6.9 కోట్ల డాలర్లు ఖర్చు పెడతామని అప్పటి ప్రధాని ట్రూడో ప్రకటించాడు. వాపెకెకా అడిగింది అందులో వందకు అర డాలరంత.

ఆ ప్రకటన కూడా ఊరికే రాలేదు. 2016 ఏప్రిల్ 9న, ఒక్క శనివారం, జేమ్స్ బే ఒడ్డునున్న అటావపిస్కాట్‌లో 11 మంది ఆత్మహత్యాయత్నం చేశారు. రెండు వేల జనాభా ఉన్న ఊరు. అంతకుముందు సెప్టెంబర్ నుంచి లెక్కేస్తే వంద దాటాయి. ఊరి చీఫ్ ఎమర్జెన్సీ ప్రకటిస్తే ప్రపంచమంతా వార్త అయింది. పార్లమెంటులో అత్యవసర చర్చ జరిగింది. కౌన్సిలర్లను విమానాల్లో దించారు. మంత్రి వచ్చి యూత్ సెంటర్ కట్టిస్తామంది. అందరూ "ఎలా జరిగింది ఇది" అని ఆశ్చర్యపోయారు. ఆ ఊరి చరిత్ర తెలిసినవాళ్లు ఆశ్చర్యపోరు. 1979లో స్కూలు కింద డీజిల్ పైపు పగిలింది. 2000లో గానీ ఆ స్కూలు మూయలేదు. కొత్త స్కూలు 2014లో తెరిచారు. మధ్యలో పద్నాలుగేళ్లు పిల్లలు రేకు డబ్బాల్లాంటి గదుల్లో, మైనస్ చలిలో ఒక క్లాసు నుంచి ఇంకో క్లాసుకి బయటినుంచి నడుస్తూ చదివారు. ఊరికి 90 కిలోమీటర్ల దూరంలో మాత్రం 2008 నుంచి వజ్రాల గని నడిచింది.

నెస్కంటాగా అని ఇంకో ఊరుంది. ఆత్మహత్యలు ఆగడం లేదని 2013లో ఎమర్జెన్సీ ప్రకటించుకుంది. ఆ ఊళ్లో 1995 నుంచి కుళాయి నీళ్లు కాచుకుని తాగాలి. ఇరవై ఏళ్లు దాటిన కుర్రాడు కూడా సొంతూళ్లో కుళాయి కింద గ్లాసు పట్టి నేరుగా తాగి ఎరగడు. అలాంటి కుర్రాడి ముందు కౌన్సిలర్ కూర్చుని "నీ విలువ నువ్వు తెలుసుకో" అంటే ఎలా ఉంటుంది?

కౌన్సిలర్లు వద్దని నేను అనట్లేదు. 2016లో మూలవాసుల కోసం ప్రత్యేకంగా హెల్ప్‌లైన్ పెట్టారు, క్రీ, ఒజిబ్వే, ఇనుక్టిటుట్ భాషల్లోనూ మాట్లాడతారు. మంచి పని. దానివల్ల ఒక్క ప్రాణం నిలిచినా చాలు. కానీ ఒకే ఇంట్లో పదిమంది సర్దుకుని పడుకునే చోట పిల్ల ఫోన్ పట్టుకుని ఎక్కడికెళ్లి ఏడవాలి? పైగా విమానంలో వచ్చే కౌన్సిలర్ కొన్నాళ్లకి వెళ్లిపోతాడు, ఇంకొకరు వస్తారు. పిల్లలు తమ కథని మళ్లీ మొదటినుంచి కొత్త మనిషికి చెప్పాలి. వాపెకెకా వాళ్లు అడిగిందే వేరు. ఊళ్లోనే ఉండే నలుగురు మనుషులు కావాలన్నారు.

ఇప్పుడు గ్రూపులో మెసేజ్ పెట్టిన అన్నకి నేరుగా ఒక లెక్క. అన్నా, 2011 నుంచి 2016 దాకా స్టాటిస్టిక్స్ కెనడా తీసిన లెక్కల్లో ఫస్ట్ నేషన్స్ వాళ్లలో ఆత్మహత్యల రేటు మిగతా జనం కంటే మూడు రెట్లు, ఉత్తర ధ్రువం వైపు ఉండే మూలవాసులైన ఇనుయిట్లలో తొమ్మిది రెట్లు. ఇది మీరూ వినే ఉంటారు. అదే నివేదికలో ఉన్న రెండో మాట ఎవరూ చెప్పరు. ఫస్ట్ నేషన్స్ బ్యాండ్లలో, అంటే ప్రభుత్వం గుర్తించిన ఒక్కో సమాజంలో, 60 శాతానికి పైగా చోట్ల ఆ కాలంలో ఒక్క ఆత్మహత్య కూడా లేదు. సున్నా. రక్తంలోనే ఏదో లోపముందనో, తాగుడు వాళ్ల సంస్కృతి అనో అంటే మరి ఈ సున్నాలు ఎక్కడినుంచి వచ్చాయి?

దీనికి జవాబు వెతికినవాళ్లు ఉన్నారు. మైకేల్ చాండ్లర్, క్రిస్టఫర్ లలోండ్ అనే ఇద్దరు బ్రిటిష్ కొలంబియాలోని దాదాపు రెండు వందల బ్యాండ్లను చూసి 1998లో ఒక పరిశోధన ప్రచురించారు. తమ స్కూలు తామే నడుపుకునే ఊళ్లు, తమ ఆరోగ్య సేవలు, తమ పోలీసు తమ చేతిలో ఉన్న ఊళ్లు, భూమి హక్కు కోసం కొట్లాడుతున్న ఊళ్లు. ఇలాంటివి ఎన్ని ఎక్కువుంటే అక్కడ కుర్రాళ్ల ఆత్మహత్యలు అంత తక్కువ. 2007లో మరో లెక్క తీశారు. ఊళ్లో సగానికి పైగా జనం సొంత భాష మాట్లాడగలిగిన చోట ఆత్మహత్యలు బాగా తక్కువ, కొన్నిచోట్ల అసలు లేవు. భాష. మన పిల్లలకి తెలుగు రావట్లేదని వీకెండ్ క్లాసులు పెట్టుకుని బెంగపడే మనకి ఇది అర్థం కాకపోతే ఇంకెవరికి అర్థమవుతుంది? మనం భాష మనంతట మనం వదిలేసుకుంటున్నాం. వాళ్లదాన్ని గుంజేశారు. లక్షా యాభై వేల మంది పిల్లల్ని ఇళ్ల నుంచి తీసుకెళ్లి రెసిడెన్షియల్ స్కూళ్లు అనే హాస్టల్ బళ్లలో పెట్టి, సొంత మాట మాట్లాడితే కొట్టారు. చివరిది మూసింది 1990ల చివర్లో, అంటే నేను చిన్న క్లాసుల్లో ఉన్నప్పుడు.

ఇనుయిట్లు ఈ సంగతి తమకు తామే రాసుకున్నారు. వాళ్ల జాతీయ సంస్థ 2016 జూలైలో సొంత ఆత్మహత్యల నివారణ వ్యూహం విడుదల చేసింది. అందులో ఇళ్ల కొరత ఉంది, తిండి ఉంది, చిన్నప్పటి వేధింపులున్నాయి, భాష ఉంది. మందులూ కౌన్సిలింగూ కూడా ఉన్నాయి, కానీ అవి ఒక భాగం మాత్రమే.

మన పేపర్లలో ఎవరైనా ప్రాణం తీసుకుంటే "మనస్తాపంతో" అని ఒక్క మాట రాసి ఊరుకుంటారు. అప్పు, వేధింపు, భూమి పోవడం, పరీక్ష, అన్నీ ఆ మాట కింద దాక్కుంటాయి. ఇక్కడ ఆ మాట "తాగుడు". రెండు మాటలూ చేసే పని మాత్రం ఒకటే.

ఏటా ఆగస్టు చివర్లో మా ఊరికి ఉత్తరాది పల్లెల నుంచి పదమూడు, పద్నాలుగేళ్ల పిల్లలు దిగుతారు. వాళ్ల ఊళ్లలో హైస్కూలు లేక. ఎవరో తెలియని ఇంట్లో ఉండి చదువుకుంటారు. 2000 నుంచి 2011 మధ్య అలా వచ్చిన ఏడుగురు ఇక్కడే చనిపోయారు. దాని మీద విచారణ జరిగి 2016లో 145 సిఫార్సులు వచ్చాయి. బస్సులో వాళ్లు ఎక్కితే మనవాళ్లు బ్యాగు దగ్గరికి లాక్కోవడం నేను చూశాను. మొదటి ఏడాది నేనూ లాక్కున్నాను.

ఈ పోస్టు గ్రూపులోనూ పెడుతున్నాను. అడ్మిన్ గారు తీసేస్తే తీసేయండి. జాకెట్ ఇచ్చిన అన్నా, కోపం లేదు, శనివారం ఇంటికొస్తాను, మాట్లాడుకుందాం.

ఇది చదువుతూ ఎవరికైనా గుండె బరువెక్కితే ఒంటరిగా మోయకండి. కెనడాలో 988, ఇండియాలో టెలీ మానస్ 14416. రెండూ ఏ వేళకైనా ఎత్తుతారు.